రెండు గంటలకోసారి పిల్లలు దిగే చోటు చూపండి

జాతీయ రహదారుల అధికారులకు, కర్నూలు, నంద్యాల, అనంతపురం, శ్రీ సత్యసాయి, కడప జిల్లాల కలెక్టర్లకు, ఆర్టీసీ, రవాణా శాఖల పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

సంక్రాంతి, ఉగాది, ఎండాకాలం సెలవులు, దసరా. బెంగళూరు, హైదరాబాదుల్లో బతుకుతున్న సీమ కుటుంబాలు పిల్లల్ని వెంటేసుకుని అవ్వాతాతల ఊళ్లకు కదిలేది ఎక్కువగా అప్పుడే. ఆ రోజుల్లో రోడ్ల పక్కన మీ ఫ్లెక్సీలు వెలుస్తాయి. వేగం వద్దు, తాగి నడపొద్దు, బెల్టు పెట్టుకోండి. అన్నీ నిజమే. కానీ పిల్లలున్న బండి ఎప్పుడు ఆగాలో తేల్చేది డ్రైవరు కాదు, వెనక సీట్లో కూర్చున్న నాలుగేళ్ల బిడ్డ. 'ఒంటికొస్తోంది' అని బిడ్డ అన్నాక పది నిమిషాల్లో ఎక్కడో ఒకచోట ఆపాల్సిందే. ఆ పది నిమిషాల దూరంలో ఆపే చోటు దొరకదు. దానివల్ల జరిగే అనర్థాలు మీ రికార్డుల్లో వేరే పేర్లతో ఎక్కుతున్నాయి. అతివేగం, నిద్రమత్తు, ఆగి ఉన్న వాహనాన్ని ఢీకొనడం అని.

మేం ఈ దారుల్లో టాక్సీలు తిప్పేవాళ్లం, టైర్ల షాపులు, మెకానిక్ షెడ్లు నడిపేవాళ్లం, సెలవులకు పిల్లలతో తిరిగే తల్లిదండ్రులం. అడిగేది ఒక్కటే. రెండు గంటల ప్రయాణానికి ఒకటైనా, పిల్లలతో భయం లేకుండా దిగే చోటు కావాలి.

రెండు గంటలన్నది నోటికొచ్చినట్టు చెప్పిన లెక్క కాదు. పసిబిడ్డను కారు సీట్లో ఏకబిగిన రెండు గంటలకు మించి ఉంచొద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు. సగం కూర్చుని సగం పడుకున్నట్టుండే ఆ సీట్లో తల ముందుకు వాలితే నెలల బిడ్డకు ఊపిరి సరిగా ఆడదు. నెల నిండని బిడ్డనైతే అరగంటకే తీసి వెల్లకిలా పడుకోబెట్టాలి. మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలకు రెండు మూడు గంటలకోసారి ఒంటికి పోవాల్సి వస్తుంది, ఆపుకోవడం వాళ్లకు చేతకాదు. బండి నడిపేవాడు కూడా రెండు గంటలకోసారి దిగి పదిహేను నిమిషాలు నడవాలి. బిడ్డకూ డ్రైవరుకూ గడియారం ఒకటే.

దిగే చోటు లేదని తెలిసిన తల్లి ఏం చేస్తుందో మీకు తెలుసా? బిడ్డకు నీళ్లు తగ్గిస్తుంది. 'ఇప్పుడు తాగొద్దు నాయనా, మళ్లీ యాడ దిగాల' అంటుంది. తానూ తాగదు. మే నెలలో గుత్తి, తాడిపత్రి వైపు ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. ఏసీ గాలి చెమటను పుట్టినది పుట్టినట్టే ఆరబెట్టేస్తుంది కాబట్టి ఒంట్లో నీళ్లు తగ్గుతున్నట్టు ఎవరికీ తెలీదు. ఊరు చేరేసరికి పిల్లకు మూత్రం ముదురు పసుపు రంగు, పోసేటప్పుడు మంట. మర్నాడు ఒళ్లు కాలుతుంది. దిష్టి తగిలిందని అవ్వ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తుంది. దిష్టి కాదు, దారిలో బాత్రూం లేదు, అంతే.

పాత 7వ నంబరు హైవే, ఇప్పటి 44, ఊళ్ల మధ్య నుంచి పోయే రోజుల్లో ఈ బాధ ఇంత లేదు. డోన్ బస్టాండు, గుత్తి బస్టాండు, అనంతపురం టవర్ క్లాక్ దగ్గరి టీ హోటళ్లు, పెనుకొండ సెంటరు అన్నీ దారిలోనే తగిలేవి. రోడ్డు నాలుగు వరుసలయ్యాక బైపాస్‌లు ఊళ్లను పక్కకు నెట్టాయి. వేగం పెరిగింది, మంచిదే. కానీ ఊరితో పాటు నీడ, నీళ్లు, దుకాణం, పది మంది మనుషులు కూడా పక్కకు పోయారు. చింతచెట్లు విస్తరణలో పోయాయి. మిగిలింది ఇనుప రెయిలింగు, డివైడరులో గన్నేరు చెట్లు. ఆ గన్నేరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పువ్వు, ఆకు, పాలు అన్నీ విషమే, గుండె మీద పనిచేస్తుంది. డివైడరు మధ్యలో ఉంటే ఫర్వాలేదు. బండ్లు ఆగే చోట్ల, పిల్లల చేతికందే ఎత్తులో మాత్రం నాటొద్దు.

కర్నూలు నుంచి అనంతపురానికి సుమారు 150 కిలోమీటర్లు. అక్కడి నుంచి కర్ణాటక సరిహద్దులో కోడికొండ చెక్‌పోస్టుకు మరో 100. ఈ మొత్తంలో పిల్లలతో దిగడానికి మూడు రకాల చోట్లున్నాయి: టోల్ ప్లాజాలు, పెట్రోలు బంకులు, డాబాలు. వేటి తంటాలు వాటివి. మొదటి రెండింటి సంగతి చెబుతాం.

టోల్ ప్లాజాల్లో బాత్రూంలు ఉంటాయి. అమకతాడు, కాసేపల్లి, మరూరు ఈ దారిలో వరుసగా తగిలే ప్లాజాలు, సరిగ్గా రెండు గంటల లెక్కకు లోపే పడతాయి. అంటే జాగా వెతకాల్సిన పని కూడా లేదు. కష్టమల్లా అక్కడికి చేరడంలో ఉంది. బాత్రూంలు మామూలుగా ఎడమ చివర, పెద్ద లోడు లారీలు పోయే వెడల్పాటి లేన్ అవతల కడతారు. ఫాస్టాగ్ కారు మధ్య లేన్లలోంచి వస్తుంది. గేటు దాటిన వెంటనే ఎనిమిది పది లేన్లు రెండుగా కుదించుకుపోతాయి, అందరూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కేది అక్కడే. ఆ నూరు మీటర్లలో ఎడమకు కోసుకుంటూ పోయి ఆపాలి, దిగాక లారీల మధ్య నుంచి బిడ్డను నడిపించాలి. వద్దులే, ముందు చూద్దాం అని పోతారు. ముందు ఏమీ ఉండదు.

దీనికి కావలసింది సిమెంటు కాదు, పెయింటు. ప్లాజాకు 500 మీటర్ల ముందు ఒక బోర్డు: 'పిల్లలతో ఆగేవారు ఎడమ లేన్‌లో రండి'. ఎడమ లేన్ దాటాక బాత్రూం ముందు పది కార్లకు చాలే జాగాను పసుపు గీతతో వేరుచేసి, లారీలు చొరబడకుండా మోకాలెత్తు దిమ్మెలు పాతండి. అక్కడి నుంచి బాత్రూం దాకా ఒక మీటరున్నర వెడల్పు నడకదారి, దాని పక్కన గొట్టపు రెయిలింగు. ఇంతే.

బాత్రూంల శుభ్రం గురించి మీరూ ఆలోచిస్తున్నారని తెలుసు. 2025లో అక్టోబరు నెలాఖరు దాకా టోల్ ప్లాజాలో మురికి బాత్రూం ఫోటో మీ రాజమార్గ్‌యాత్ర యాప్‌లో పెడితే ఫాస్టాగ్‌లో 1000 రూపాయలు వేస్తామన్నారు. ఆలోచన బాగుంది. బంకులు, డాబాలు ఆ లెక్కలోకి రాలేదు, పిల్లలతో ఎక్కువమంది ఆగేది అక్కడేనాయె.

పెట్రోలు బంకులో బాత్రూం, తాగే నీళ్లు, టైర్లకు గాలి ఉచితంగా ఇవ్వాలన్నది నిబంధన. తాళం వేసి, తాళంచెవి పెట్రోలు కొట్టే కుర్రాడి జేబులో పెడితే అది ఉన్నట్టు కాదు. 'పెట్రోలు కొట్టిస్తేనే' అనే మాట నాలుగేళ్ల బిడ్డ దగ్గర చెల్లదు. బంకువాళ్ల వైపు న్యాయం కూడా ఉంది. నీళ్ల ట్యాంకరు వాళ్ల డబ్బుతోనే తెప్పించుకోవాలి, కడిగే మనిషికి జీతం వాళ్లే ఇవ్వాలి, వచ్చినవాళ్లు డైపర్లు కమోడ్‌లో పడేసి పోతారు. డైపర్ లోపలి పొడి నీళ్లను పీల్చి ఉబ్బుతుంది. నాలుగంగుళాల పైపులో రెండు పడితే చాలు, అటుపైన ఎన్ని బకెట్లు పోసినా కదలదు. అందుకే తాళం. దీనికి మందు చిన్నదే. ప్రతి బాత్రూంలో మూత ఉన్న చెత్తడబ్బా, గోడ మీద 'డైపర్లు ఇందులో వేయండి' అని తెలుగులో, కన్నడంలో నాలుగు మాటలు. పండగ వారం రోజులకు నీళ్ల ట్యాంకరు ఖర్చు రోడ్డు భద్రతా నిధిలోంచో, చమురు కంపెనీల నుంచో సర్దితే తాళాలు వాటంతటవే తెరుచుకుంటాయి.

పిల్లలకు పనికొచ్చే బాత్రూం అంటే గ్రానైటు, అద్దాలు అక్కర్లేదు. నేల తడి లేకుండా ఉండాలి, తడి నేల మీద జారి పడేది పిల్లలే. గడియ పెద్దవాళ్లకు అందే ఎత్తులో, తలుపు సగం కాకుండా నిండుగా. లోపల లైటు. బకెట్టు, మగ్గు. హ్యాండ్‌బ్యాగు తగిలించుకునే ఒక కొక్కెం. ఇది లేకే తల్లి ఒక చేత్తో బ్యాగు, ఒక చేత్తో బిడ్డ, తలుపు కాలితో నెట్టుకుని నిలబడుతుంది. బయట నడుమెత్తులో మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు కడప బండ ఒకటి గోడకు బిగిస్తే డైపర్ మార్చే చోటు తయారు. చంటిబిడ్డకు పాలిచ్చే తల్లికి మూడు వైపుల గోడ, నాలుగో వైపు తెర, లోపల ఒక కుర్చీ, ఒక ఫ్యాను. 2024 అక్టోబరులో హైవేల పక్క వసతుల కోసం కేంద్రం తెచ్చిన హమ్‌సఫర్ విధానంలో శుభ్రమైన బాత్రూంలు, పసిపిల్లల గది అన్నీ రాసే ఉన్నాయి. 40 నుంచి 60 కిలోమీటర్లకొక విశ్రాంతి స్థలమన్న మాటా కొత్తది కాదు. కొత్త భవనాలు లేచేదాకా ఉన్నవాటిని నిలబెట్టమంటున్నాం.

కట్టేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. జనం ఆగే చోట కట్టండి, కట్టిన చోట ఆగమనొద్దు. కడప నుంచి రాయచోటి పోయే 40వ నంబరు హైవేలో గువ్వలచెరువు దగ్గర పాలకోవా కోసం ప్రతి బండీ ఆగుతుంది. ఘాట్ మలుపుల్లో వాంతి చేసుకున్న పిల్లల్ని కడిగేదీ అక్కడే. ఆ ఊళ్లో అంగళ్ల వెనక ఒక పార్కింగు, నాలుగు బాత్రూంలు కడితే ఏ ప్రకటనా లేకుండానే నిండుతాయి, రోడ్డంచున కార్లు ఆగడం తగ్గుతుంది. కర్నూలు, నంద్యాల మధ్య ఓర్వకల్లు రాతివనాల దగ్గర కూడా అంతే, అది ఎటూ జనం దిగే చోటే.

ఇవేవీ దొరకనివాళ్లు ఏం చేస్తారు? రోడ్డంచున ఆపుతారు. బయటికి చూస్తే ఖాళీగా, విశాలంగా కనబడుతుంది. కానీ మన హైవేల్లో ఆ అంచు ఖాళీ కాదు. యూటర్న్ రెండు మూడు కిలోమీటర్ల దూరంలో ఉండేసరికి పక్క ఊరి బైకులు, ట్రాక్టర్లు ఎదురుగా, అంటే రాంగ్ సైడులో, వచ్చేది ఆ అంచునే. వెనక నుంచి లారీ, ముందు నుంచి బైకు, మధ్యలో బిడ్డ. కుడి తలుపు తీసుకుని దిగిన పిల్లవాడు నేరుగా లేన్‌లోకి దిగినట్టే. రోడ్డు పక్కన బండ్లు ఆపుకునే లే-బైలున్నాయి, కానీ అవి లారీలవి. పగలంతా నిండి ఉంటాయి, ఒక్క చెట్టు ఉండదు. ప్రతి లే-బైలో చివరి 30 మీటర్లు కార్లకని దిమ్మెలు పెట్టి విడదీసి, నాలుగు కానుగ మొక్కలు, రెండు వేప మొక్కలు నాటితే మూడు నాలుగేళ్లకు నీడ వస్తుంది. కానుగ మన నేలకు అలవాటైన చెట్టు, తక్కువ నీళ్లతో బతుకుతుంది, ఎండలు ముదిరేలోపే కొత్త చిగురు వేసుకుంటుంది.

ఇక రాత్రి ప్రయాణాలు. పగలు ఆపే చోటు లేదు, రాత్రైతే పిల్లలు నిద్రపోతారు, ఎక్కడా ఆపక్కర్లేదు. చాలా ఇళ్లలో రాత్రి పదింటికి బయల్దేరడానికి అసలు కారణం ఇదే. తెల్లవారుజామున రెండు నుంచి ఆరు మధ్య ఒళ్లు తనంతట తాను నిద్రకు లాగుతుంది, ఎంత అలవాటైన డ్రైవరుకైనా అంతే. 2021 ఫిబ్రవరి 14న వెల్దుర్తి మండలం మాదార్పురం దగ్గర టెంపో ప్రమాదంలో 14 మంది పోయారు. 2025 అక్టోబరు 24న చిన్నటేకూరు దగ్గర బస్సు కాలిపోయింది. రెండూ 44వ నంబరు హైవే మీదే, రెండూ తెల్లారకముందే. ఒక్కోదానికి కారణాలు వేరు కావచ్చు. కానీ ఆ వేళలో పిల్లలతో రోడ్డు మీద ఉండే అవసరమే తగ్గించడం మీ చేతుల్లో పని.

రాత్రి బండ్లాపి డ్రైవర్ల చేత మొహం కడిగించే పోలీసుల పద్ధతిని మెచ్చుకోవాల్సిందే. చల్లనీళ్ల ప్రభావం కాసేపే ఉంటుంది, పది పదిహేను కిలోమీటర్లు పోయేసరికి రెప్పలు మళ్లీ వాలతాయి. నిజంగా పనిచేసేది ఇరవై నిమిషాల కునుకు. కాఫీ తాగి వెంటనే సీటు వాల్చుకుంటే, లేచే వేళకు కాఫీ కూడా పని మొదలుపెడుతుంది. ఆ ఇరవై నిమిషాలు లైట్లున్న చోట, దొంగల భయం లేకుండా కారు నిలబెట్టనివ్వాలి. మొహం కడిగించిన చోటే ఆ జాగా చూపించండి.

నల్లమల దారి వాళ్ల సంగతి ఇంకోటి. నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగా దోర్నాల, శ్రీశైలం పోయేవాళ్లకు రాత్రిపూట అడవి గేట్లు మూస్తారని దగ్గరికెళ్లాకే తెలుస్తుంది. పిల్లలతో గేటు దగ్గర తెల్లారబెట్టిన కార్లు సెలవుల్లో కనబడుతూనే ఉంటాయి. గేటు వేళలు కర్నూలు ఊరి చివర ఒక బోర్డు మీద, నందికొట్కూరులో ఇంకో బోర్డు మీద రాయించండి.

టోల్ ప్లాజాలో పండగకు కరపత్రాలు పంచుతారు కదా, వాటిలో నినాదాలు తగ్గించి పనికొచ్చే మాటలు వేయండి. ఏం వేయాలో మేమే రాసిస్తాం, అచ్చుకు ఇచ్చేయండి.

టైర్ల గాలి బయల్దేరే ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. నిండు బరువుకు ఎంత పెట్టాలో డ్రైవరు తలుపు తీస్తే కనబడే స్టిక్కరు మీద రాసి ఉంటుంది. ఎండాకాలమని గాలి తగ్గించొద్దు. ఈ అపోహ మన దగ్గర గట్టిగా పాతుకుపోయింది. గాలి తక్కువైతే టైరు పక్కలు ఎక్కువగా నలుగుతాయి, నలిగేకొద్దీ వేడెక్కుతాయి, పేలేది అందుకే. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం తయారీ. ఆరేళ్లు దాటినదైతే గాడి ఎంత ఉన్నా పిల్లలతో దూరం పోవద్దు. స్టెప్నీలో గాలి చూడండి. వీల్ స్పానరుతో ఒక బోల్టు ఇంటి దగ్గరే విప్పి చూడండి. షాపులో ఎయిర్ గన్‌తో బిగించింది చేత్తో విప్పితే రాదు, ఆ సంగతి నడిరోడ్డు మీద తెలిస్తే లాభం లేదు.

తిరుగు ప్రయాణంలో బరువు మారుతుంది. రెండు 25 కిలోల బియ్యం సంచులు, చెనక్కాయల మూట, నెయ్యి డబ్బా, ఊరగాయ జాడీలు అన్నీ కలిపి వచ్చేటప్పుడు లేని ఎనభై, నూరు కిలోలు ఎక్కుతాయి. ఊళ్లో వారం రోజులు నిలబడ్డ కారుకు గాలి చూడకుండా అదంతా ఎక్కించి బయల్దేరతారు. గాలి మళ్లీ చూసుకోండి. మూటలు డిక్కీ నేల మీద, సీటు వీపుకు ఆనించి పెట్టండి. జాడీలు వెనక అద్దం కింద పలక మీద పెడితే సడన్ బ్రేకుకు అవి వచ్చి పడేది పిల్లల తలల మీదే.

బిడ్డ ఒళ్లో కూర్చుంటే క్షేమమన్నది తప్పు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో గుద్దుకుంటే పది కిలోల బిడ్డను పట్టి ఆపడానికి వందల కిలోల బలం కావాలి, ఏ తల్లి చేతులూ చాలవు. ఒళ్లో బిడ్డతో ముందు సీట్లో కూర్చుంటే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుని బిడ్డనే కొడుతుంది. 13 కిలోల లోపు బిడ్డకు వెనక్కి తిరిగి ఉండే సీటు, 9 నుంచి 18 కిలోల దాకా సొంత బెల్టులున్న సీటు, 15 నుంచి 36 కిలోల పిల్లలకు బూస్టరు. బూస్టరు పని బెల్టు మెడకు కోసుకోకుండా భుజం మీదుగా, పొట్ట మీద కాకుండా తొడల మీదుగా పోయేట్టు చేయడం. 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టో సీటో లేకుండా నడిపితే మోటారు వాహనాల చట్టం 194బి కింద 1000 రూపాయల జరిమానా ఉందని చాలామందికి తెలీదు. రవాణా శాఖ వారికి మా మనవి: జరిమానా పుస్తకం తీసే ముందు టాక్సీ స్టాండుల్లో బూస్టర్లు అద్దెకు దొరికేట్టు చూడండి. ఏడాదికి నాలుగుసార్లు వాడేదాన్ని అందరూ కొనలేరు.

వాంతులు రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లల్లో ఎక్కువ. బండి ఊగుతోందని చెవిలోపలి భాగం చెబుతుంది, ఫోన్ చూస్తున్న కన్నేమో కదల్లేదంటుంది, ఆ పేచీయే వాంతి. ఘాట్ మొదలయ్యే ముందు ఫోన్లు తీసుకుని, దూరంగా రోడ్డు కనబడేట్టు కూర్చోబెట్టండి. బయల్దేరే ముందు ఖాళీ కడుపు వద్దు, నిండు కడుపూ వద్దు. కారం లేకుండా రెండు ఇడ్లీలో, గుప్పెడు బొరుగులో, ఒక అరటిపండో చాలు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ఊరు చేరాకే. వాంతి మాత్ర డాక్టరు చెప్పిన మోతాదులో, కదిలే ముందే వేయాలి. వాంతి మొదలయ్యాక వేస్తే అదీ బయటికొస్తుంది. ప్రొమెథజైన్ అనే వాంతి మందు రెండేళ్లలోపు పిల్లలకు అసలు ఇవ్వకూడదు.

విరేచనాలైతే ఇచ్చే ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. చిటికెడు చిటికెడు గ్లాసులో వేసిస్తే ఉప్పు మోతాదు ఎక్కువై మేలుకు బదులు కీడు. కలిపింది 24 గంటల్లో వాడేయాలి. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్లకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. చల్లగా ఉందని అట్టపెట్టె పళ్లరసాలో, నన్నారి షర్బత్తో తాగిస్తే దాహం తీరుతుంది కానీ విరేచనాలకు అది మందు కాదు.

'రెండు నిమిషాల్లో వస్తా' అని ఆపిన కారులో బిడ్డను వదలొద్దు. ఎండలో పది నిమిషాలకే లోపల సుమారు పది డిగ్రీలు పెరుగుతుంది. అద్దం నాలుగు వేళ్లు దించినా పెద్దగా తేడా ఉండదు. కర్నూలు నుంచి దక్షిణంగా పోయేవాళ్లకు పొద్దున ఎండ ఎడమ కిటికీలోంచి, మధ్యాహ్నం తిరిగాక కుడి కిటికీలోంచి పడుతుంది. పసిబిడ్డ సీటు దాన్ని బట్టి పెట్టుకోండి.

టైరు పంక్చరై ఆగాల్సి వస్తే ఎడమ తలుపు నుంచే దిగి, పిల్లలతో రెయిలింగు అవతలికి వెళ్లి నిలబడాలి, కారు దగ్గర కాదు. ఎర్ర త్రికోణం కనీసం 50 మీటర్లు వెనక. సాయానికి 1033, దెబ్బలు తగిలితే 108.

కరపత్రానికి ఇంత చాలు.

కార్లు లేనివాళ్లను మరిచిపోయి ఈ లేఖ రాయలేదు. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే స్త్రీ శక్తి పథకం మొదలయ్యాక ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో పిల్లలతో వచ్చే తల్లులు బాగా పెరిగారు. బస్సు బస్టాండులో ఐదు నిమిషాలు ఆగుతుంది. ముగ్గురు పిల్లల తల్లి, సీటు మీద పరిచిన తువ్వాలు తప్ప ఇంకే భరోసా లేనిది, దిగి పోయి వచ్చేలోపు బస్సు కదులుతుందేమోనని దిగదు. రెండు గంటలకు మించిన ప్రతి సర్వీసులో ఒకచోట పదిహేను నిమిషాలు ఆపి, 'పదిహేను నిమిషాలుంది, పిల్లల్ని తీసుకుని పోయి రండి' అని కండక్టరు గట్టిగా చెప్పాలి. ఆ ఒక్క మాటకు పైసా ఖర్చు లేదు. బస్టాండుల్లోని పాలిచ్చే గదులకు తాళం వేసి అందులో చీపుర్లు పెట్టుకోవడం కూడా మానాలి.

హైవే దిగాక సొంతూరికి పోయే చివరి పదీ ఇరవై కిలోమీటర్లు పంచాయతీరాజ్ వారివి. జనవరిలో కంది, జొన్న రోడ్డు మీదే ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పెడతారు, రాత్రి కారు లైట్లకు ఆ రాళ్లు కనబడవు. రైతును తరిమితే ఉపయోగం లేదు, కల్లం లేకే రోడ్డెక్కాడు. ఊరికొక సిమెంటు కల్లం వచ్చేదాకా కనీసం రాళ్ల బదులు ఇసుక సంచులు పెట్టించండి. స్పీడు బ్రేకర్లకు పండగ ముందు ఒక బకెట్టు సున్నం పూయిస్తే చాలు. బ్రేకరు కనబడక ఎగిరిన కారులో తల పైకప్పుకు తగిలేది వెనక సీటు పిల్లలకే.

సంక్రాంతికి ముందు టెండరు లేకుండా అయ్యే పనులు ఇవి. టోల్ ప్లాజాల్లో గీతలు, దిమ్మెలు. బంకుల్లో తాళాలు తీయించడం, మూత డబ్బాలు. ప్రతి బాత్రూంకు 2 కిలోమీటర్లు, 500 మీటర్ల ముందు తెలుగులో బోర్డు, అందులో 'దీని తర్వాతిది ఇన్ని కిలోమీటర్లు' అన్న అంకె తప్పనిసరి. ఆ అంకె చూస్తేనే తల్లి ఇక్కడ ఆపించాలా, ఓర్చుకోవచ్చా అని తేల్చుకుంటుంది. హైవే ఒకటే అయినా జిల్లాలు నాలుగు కాబట్టి, పండగ వారంలో కర్నూలు నుంచి కోడికొండ దాకా మొత్తానికి ఒకే అధికారి పేరు, ఒకే ఫోన్ నంబరు ప్రకటించండి. నాలుగు చోట్ల అడిగించుకోవద్దు.

తనిఖీకి మీరు తప్పక వస్తారని నమ్ముతున్నాం. పొద్దున ఎనిమిదింటికి రావొద్దు, అప్పుడే కడిగి ఉంటారు. మధ్యాహ్నం మూడింటికి రండి, ముందు చెప్పకుండా, సొంత కారులో, ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లనూ తీసుకుని రండి.

ఇట్లు,
కర్నూలు, అనంతపురం, కడప దారుల్లో పిల్లలతో తిరిగేవాళ్లు, వాళ్లను తిప్పేవాళ్లు